తొడిగిన చేతిదే తప్పు

పాములంటే భయం వేయలేదా అని నన్ను అడగనివాళ్ళు లేరు. వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న పోయి నాలుగు నెలలు. మా మేనమామ మమ్మల్ని తన ఊరికి తీసుకెళ్ళడానికి మంచిరోజు కూడా చూసిపెట్టాడు. ఆ ఇంట్లో అమ్మకు పొయ్యి దగ్గర చోటు, నాకు ఆయన చూపించినవాడితో పెళ్ళి. ఇదంతా ఆయన మా మేలు కోరే చెప్పాడు, కాదనను. కానీ అక్కడ వంటింట్లో తలవంచుకుని నిలబడ్డ అమ్మను ఊహించుకున్నప్పుడు వేసిన భయం ముందు జెర్రిపోతు ఎంత, ఉడుము ఎంత!

అందుకే నాన్న చేసిన అటెండర్ ఉద్యోగం నాకిస్తామని కాలేజీ నుంచి కాగితం రాగానే సంతకం పెట్టాను. ఆ పని ఎక్కడో నాకు తెలుసు. జంతుశాస్త్రం చెప్పే విభాగం వెనక రేకుల గది. పిల్లలకు చూపించడానికి పెంచే పాములు, తాబేళ్ళు, ఉడుము, కోయడానికి తెప్పించే కప్పలు అన్నీ అందులోనే. కాగితంలో ఒక మెలిక ఉంది. ఆరు నెలలు తాత్కాలికం. తర్వాత విభాగం పెద్ద మేడం "పనికొస్తుంది" అని రాస్తేనే ఉద్యోగం ఖాయం. రాయకపోతే మామ, మామ ఊరు.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ లాడ్ బజార్‌లో ఒక సేఠు దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళకు గాజులు తొడిగేది. మేముండే మొఘల్‌పురా నుంచి పొద్దున్నే నడిచి వెళ్ళేది. చిన్నప్పుడు బడి లేని రోజున నేనూ వెంట వెళ్ళి పక్కన కూర్చుని చూసేదాన్ని. ఎంత గట్టి చేయి అయినా అమ్మ తొందరపడదు. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంటుంది. బొటనవేలి కింది కండను మెల్లగా ఒత్తుతూ, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఎవరి పెళ్ళి అని అడుగుతుంది. మధ్యలో "చెయ్యి వదులు బిడ్డా, నాకియ్యి" అంటుంది. వచ్చినామె ఆ మాటల్లో పడి ఎప్పుడు చేయి వదులు చేస్తుందో సరిగ్గా అప్పుడు గాజు దాటిపోతుంది. మరీ గట్టి చేతులకు సబ్బు నురగ రాసేది.

తొడిగేటప్పుడు గాజు పగిలితే కొనడానికి వచ్చినామె మీద ఒక్క మాట పడనిచ్చేది కాదు. చేయి లావు అనో, బిగబట్టిందనో సాకు చెప్పడం అమ్మ దగ్గర లేదు. "పగిలితే తొడిగిన చేతిదే తప్పు" అనేది. ఇరవై ఏళ్ళు అదే మాట మీద కూర్చుంది.

నాన్న పోయిన పదో రోజున ఆ అమ్మ చేతులనే పట్టుకుని, అరుగు అంచుకు కొట్టి గాజులు పగలగొట్టారు. నా కళ్ళ ముందే. ఆ తర్వాత సేఠు కబురు పంపాడు, చాలా మర్యాదగా. పెళ్ళి పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు బోసి చేతులకు తమ చేయి ఇవ్వరట, దుకాణం నడవదట. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. కాకపోవడం వల్లనే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మ తన దగ్గరున్న గాజుల పెట్టెను ట్రంకులో అడుగున పెట్టి మూతవేసింది.

ఇక రేకుల గది. అక్కడ నాన్నతో కలిసి పనిచేసిన పెద్ద అటెండర్ ఒకాయన ఉన్నాడు. కాకా అని పిలిచేదాన్ని. భారీ మనిషి. బహదూర్‌పురా నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మొదటి రోజు నన్ను చూడగానే "గాజులు తీసెయ్ బిడ్డా" అన్నాడు. "ఉడుము గుంజితే పగుల్తయి. పెంకు దానికి గుచ్చుకున్నా కష్టమే, నీకు గుచ్చుకున్నా కష్టమే."

నిజమే. ఆ గదిలో ఆయన మాటను నేను ఒప్పుకోవడం అదే మొదలు, చాలా రోజుల వరకు అదే ఆఖరు. గాజులు తీస్తుంటే రెండు పగిలాయి. సాయంత్రం బోసి చేతులతో ఇంటికి వచ్చాను. అమ్మ చూసి ముఖం తిప్పుకుంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాత్రం తిప్పుకోలేదు. పెళ్ళికాని పిల్ల చేతులు అట్లా ఉండటమేమిటని ఒకామె నాకు వినిపించేలాగానే అంది. నేను బిందె నింపుకుని వచ్చేశాను. బిందె మాత్రం గట్టిగానే దింపాను.

కాకాకు మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులుండేవి. చివర రెండుగా చీలిన కర్ర ఒకటి. పామును కర్రతో మెడ మీద నొక్కిపట్టడం, గ్లౌజు చేత్తో బిగించి ఎత్తడం, బుట్టలో వేయడం, ఇదీ ఆయన పని. ఆయన్ను ఏ జంతువూ కరవలేదు. దాన్ని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. కానీ తోలు లోపలున్న చేతికి తాను ఎంత నొక్కుతున్నదీ తెలియదు. పాము నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకోవడం బయట నిలబడ్డ నాకు కనిపించేది, పట్టుకున్న ఆయనకు తెలిసేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను.

"కాకా, మస్తు బిగబట్టిన్రు. జర వదులుండ్రి."

"మీ అమ్మ లెక్క గాజులు తొడగమంటవా ఏంది దీనికి?"

"ఔ, గట్లనే."

దానికి శిక్షగా రెండు నెలలు నాకు చీపురు తప్ప మరేదీ దొరకలేదు. నీళ్ళ గిన్నెలు కడగడం, బోన్లు ఊడవడం. సరే, కళ్ళు ఉన్నాయి కదా. చూశాను. ఆయన సెలవు పెట్టిన రోజుల్లో చేతులు కూడా పెట్టాను. మెత్తటి డొప్ప ఉన్న నీటి తాబేలును పక్కల నుంచి పట్టుకుంటే మెడ వెనక్కి చాచి నా వేలు అందుకోబోయింది. దాన్ని వెనక కాళ్ళ దగ్గర పట్టుకోవాలని ఆ రోజు తెలిసింది. జెర్రిపోతును తోకపట్టి వేలాడదీయకూడదు. దాని బరువును రెండు మూడు చోట్ల మన చేతులే మోయాలి. బిగించకుండా, చేతుల మీదుగా పారనిస్తూ పోతే అది ఎక్కడికి పారిపోవాలో తెలియక పాకుతూనే ఉంటుంది, కరవాలన్న ఆలోచన దానికి రాదు. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఒళ్ళో పరాయి చేతులు వదులు కావడం ఇరవై వేల సార్లు చూసిన కళ్ళు నావి, అంతే.

విషమున్న పాములు ఆ గదిలో లేవు. ఉంటే ఈ గొప్పలు చెప్పుకోవడానికి మిగిలేదాన్ని కానేమో.

మూడో నెలలో ఉడుము గొడవ జరిగింది. బోను కడగడానికి దాన్ని బయటికి తీయాలి. అది బోను ఇనుప జాలీని పట్టుకుంది. ఉడుం పట్టు అని ఊరికే అనరు కదా. కాకా తోక పట్టుకుని గుంజాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి బలమంతా పెట్టాడు. ఉడుము వచ్చింది. వెనక కాలి వేలొకటి జాలీకే ఉండిపోయింది.

"మొండి ముండ. ఇడుస్తే పోయేది గద" అన్నాడు కాకా దాన్ని చూసి.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆ లొల్లికి మేడం తరగతి మధ్యలోంచి వచ్చేసింది, వేళ్ళకు సుద్దతో. కోస్తా నుంచి వచ్చినామె. తక్కువ మాట్లాడుతుంది, నవ్వడం ఇంకా తక్కువ. కాలు చూసి పది రోజులు రోజూ కడిగి మందు రాసి కట్టుకట్టాలంది. రోజూ ఎవరు పట్టుకుంటారని అడిగింది.

"ఇంకెవరు మేడం, నేనే" అన్నాడు కాకా గ్లౌజులు సర్దుకుంటూ.

"నేను పట్టుకుంట మేడం. ఉత్త చేతులతోని" అన్నాను.

కాకా పెద్దగా నవ్వాడు. మేడం నవ్వలేదు. "ఎవరు పట్టుకున్నా సరే, ఇంకో వేలు ఊడకూడదు" అంది.

మర్నాడు అమ్మ పాత చీర ముక్క ఒకటి మడతపెట్టి తీసుకెళ్ళాను. ఉడుము మళ్ళీ జాలీని కరచుకుని ఉంది. ముందు దాని కళ్ళ మీద గుడ్డ కప్పాను. చీకటి పడిందనుకుందో ఏమో, బుస తగ్గింది. ఒక చేత్తో మెడ వెనక, ముందు కాళ్ళ పైన పట్టుకున్నాను. రెండో చేత్తో నడుము కింద వెనక కాళ్ళను తోక వెంట చాపి పట్టుకున్నాను. తోకను చంక కింద ఇరికించాను, ఎందుకంటే దాని కాటు సంగతి తర్వాత, తోకతో కొడితే వాత తేలుతుంది. అప్పటికీ ముందు గోళ్ళు జాలీలోనే ఉన్నాయి. గుంజలేదు. దాని ఊపిరి నా అరచేతికి తెలుస్తోంది. ఊరుకున్నాను. నాకు తెలియకుండానే నోట్లోంచి మాట వచ్చింది.

"చెయ్యి వదులు బిడ్డా, నాకియ్యి."

కాకా కిసుక్కుమన్నాడు. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. మందు తీసుకుని వచ్చి పక్కన నిలబడ్డ మేడంను ఒక్కొక్క వేలే వెనకనుంచి ఎత్తమన్నాను. ఒక్కొక్కటే వచ్చింది. కాలు కడిగింది, మందు రాసింది, కట్టు కట్టింది. ఉడుము మళ్ళీ బోనులోకి తనంతట తనే నడిచిపోయింది. అట్లా పది రోజులు. పుండు మానింది. కాకా నాతో మాట్లాడటం మానేశాడు.

నేను గాల్లో తేలాను. సాయంత్రం అమ్మకు చేతులూపుతూ చెప్పేదాన్ని. అమ్మ బియ్యం ఏరుతూ వినేది. ఒకసారి మాత్రం తలెత్తి, "ముందు ఏ చెయ్యి ఏసినవ్?" అని అడిగింది. చూపించాను. "ఆఁ" అని మళ్ళీ బియ్యంలోకి వంగింది. పని గురించి మా అమ్మ నన్ను మెచ్చుకోవడమంటే అదే.

ఆరు నెలలు నిండటానికి మూడు వారాలుండగా పిల్లల ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. తడి గోనెసంచుల్లో కప్పలు వచ్చాయి. కాకా సిమెంటు తొట్టిని బ్లీచింగ్ పొడితో రుద్ది కడిగి, నీళ్ళు నింపి, కప్పలను మార్చడానికి పొడి గోనెగుడ్డ తీసుకున్నాడు. ఆ గుడ్డతో పట్టుకుంటే కప్ప ఒంటి మీది జిగురంతా గీరుకుపోతుంది. ఆ సంగతి నేను చూసి ఉన్నాను.

"నేను మారుస్త కాకా. మీరు జరుగుండ్రి" అన్నాను, కాస్త పొగరుగానే.

"మారుస్కో. నీ చేతులు బంగారం గద" అని గుడ్డ అక్కడే పడేసి వెళ్ళిపోయాడు.

కుళాయి దగ్గర గంధం సబ్బు ఉంది. గరుకు తగలకూడదంటే చేయి నున్నగా ఉండాలి, నున్నగా ఉండాలంటే మా ఇంటి ఆడదానికి గుర్తొచ్చేది ఒకటే. రెండు చేతులకూ నురగ వచ్చేదాకా సబ్బు రుద్దుకున్నాను. ఒక్కొక్క కప్పనే ఎత్తాను, తొట్టిలో వదిలాను. మధ్యలో ఆరిపోతే మళ్ళీ రుద్దుకున్నాను. ఒక్క కప్పకూ గీత పడలేదు. ఇంత బాగా ఈ పని ఎవరూ చేసి ఉండరనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

పొద్దున తలుపు తీస్తే తొట్టి నిండా తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి.

పరీక్ష రోజు. మేడం వచ్చింది. తొట్టి చూసింది, మూలనున్న బ్లీచింగ్ డబ్బా చూసింది, కాకా వైపు తిరిగింది.

"సరిగ్గా కడగలేదు. ఇన్నేళ్ళ సర్వీసు ఉండి ఇదా మీరు చేసేది? రిటైర్ అయ్యే ముందు మెమో తీసుకుని వెళ్తారా?"

"మూడుసార్లు కడిగిన మేడం! నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు కాకా.

నేను తొట్టి పక్కన నిలబడి ఉన్నాను. నీళ్ళ అంచున సన్నటి నురగ ఉంది. వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూశాను. జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం.

ఇక్కడ కూడా అబద్ధం చెప్పను. ఒక్క నిమిషం నాకు సంతోషం వేసింది. నన్ను చీపురుకు కట్టేసినవాడు, ఉడుము వేలు ఊడబెరికి దాన్నే తిట్టినవాడు తలవంచుకుని నిలబడ్డాడు. నేను నోరు మూసుకుంటే చాలు. మూడు వారాల్లో నా కాగితం మీద మంచి మాట పడుతుంది, అమ్మ ఎవరి వంటింట్లోకీ వెళ్ళదు. ఇందులో ఒక్కటి కూడా తప్పుడు లెక్క కాదు. కానీ ఆ క్షణంలో, దుకాణంలో అమ్మ పగిలిన గాజు ముక్కల్ని తన పక్కకే ఊడ్చుకోవడం కళ్ళకు కట్టింది. నాకు నామీదే చెప్పలేనంత కోపం వచ్చింది.

"కాకా కాదు మేడం. నేను చంపిన. సబ్బు చేతులతోని పట్టిన."

మేడం తొట్టిలోంచి ఒక కప్పను ఎత్తి నాకు చూపించింది.

"కప్ప మనలాగా నోటితో నీళ్ళు తాగదు. చర్మంతో తాగుతుంది. నువ్వు రాత్రంతా వాటికి సబ్బు తాగించావు."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కోయడానికి తెచ్చిన కప్పలే కదా, ఎట్లాగూ చచ్చేవే కదా అని తర్వాత చాలామంది నన్ను ఓదార్చబోయారు. పిల్లలు కోసే ముందు వాటికి మత్తు ఇస్తారు. నేనిచ్చింది మంట. ఓదార్పు నాకు అక్కర్లేదు.

"నీ రిపోర్టు ఇంకో మూడు వారాల్లో రాయాలి. తెలుసా?" అంది మేడం.

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"తప్పు నాది గాబట్టి చెప్పిన. గానీ గీ తప్పు చూపించి నన్ను పొమ్మంటే మాత్రం ఒప్పుకోను మేడం." గొంతు పైకి లేచింది. దించలేదు. "ఉడుము వేలు ఊడితే అది మొండిదన్నరు. అందరు ఊకున్నరు. కప్పలు సచ్చినయంటే నేను కప్పల మీదికి తోస్తలేను. మల్ల గిట్ల గాదు, ఎందుకు గాదో నాకు తెల్సు. రాస్తే రెండూ రాయుండ్రి."

మేడం వేరే కప్పల కోసం మనిషిని పంపడానికి వెళ్ళిపోయింది. పరీక్ష మధ్యాహ్నానికి జరిపారు. కొత్త కప్పలను నేనే మార్చాను. ముందు చేతులను మామూలు నీళ్ళతో ఎన్నిసార్లు కడుక్కున్నానో, చర్మం ముడతలు పడింది. ఆ తర్వాత తొట్టి నీళ్ళతోనే చేతులు తడుపుకుని, ఆ తడి ఆరనివ్వకుండా ఒక్కొక్కదాన్నే పట్టుకున్నాను.

చచ్చినవాటిని గోడ వెనక పాతిపెట్టడానికి వెళ్తే కాకా పార పట్టుకుని వచ్చాడు. గుంత ఆయనే తవ్వాడు. చివరికి అడిగాడు.

"నేనంటే నీకు పడది గద. ఎందుకు చెప్పినవ్?"

"పడది. ఇప్పటికి గూడ పడది."

"నాకు గూడ" అన్నాడు. మట్టి కప్పి, పార భుజాన వేసుకుని వెళ్ళాడు. రిటైర్ అయ్యేదాకా ఆయన గ్లౌజులు వదల్లేదు. కానీ ఉడుమును తీయాల్సి వచ్చిన ప్రతిసారీ గది బయటికి వచ్చి, "ఏమే గాజులదానా, రా" అని కేకేసేవాడు.

మూడు వారాల తర్వాత మేడం కాగితం నా చేతికే ఇచ్చి ఆఫీసులో ఇవ్వమంది. కవరు మూత అతికించలేదు, కావాలనే అనుకుంటాను. చదివాను. కప్పలు నా చేతిలోనే చనిపోయాయని రాసింది. కారణం నేనే కనుక్కుని నేనే చెప్పానని రాసింది. ఉడుము సంగతి రాసింది. చివర ఈమెను ఖాయం చేయవచ్చని రాసింది. మామకు ఉత్తరం నేనే రాశాను, రానవసరం లేదని.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు అన్నీ చెప్పాను, కప్పలతో సహా. అమ్మ లేచి లోపలికి వెళ్ళింది. ట్రంకు తెరిచిన చప్పుడైంది. గాజుల పెట్టె తెచ్చుకుని వీధి అరుగు మీద కూర్చుంది. ఆమె చేతులను కొట్టిన అంచు దగ్గరే.

కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్న వేళ అది. పాములను పట్టుకున్నదాన్ని, మేడం మీద గొంతు లేపినదాన్ని, గడప దగ్గరే ఆగిపోయాను.

"అమ్మా, లోపల కూసుందాం."

"గీడనే కూసో."

కుళాయి దగ్గరామె బిందె పక్కన పెట్టి వచ్చింది. "ఏందక్కా గిది? నీ చేతులతోని తొడుగుతున్నవా? పెండ్లి గావలసిన పిల్ల. నేను తొడుగుత, ఇటియ్యి."

అమ్మ తల ఎత్తలేదు. "ఉడుమును పట్టిన చెయ్యి గిది. నా చేతికి భయపడ్తదా?" అంది. నా చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"సబ్బు తేవాల్నా?" అన్నాను, నవ్వు తెచ్చుకుని.

"ఒద్దు. బిగబట్టినవ్. చెయ్యి వదులు బిడ్డా, నాకియ్యి."

ఇచ్చాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఏదీ సరిగ్గా కనబడలేదు. రెండు చేతులకూ నిండుగా తొడిగింది. ఒక్కటీ పగలలేదు.

మర్నాడు పనికి వెళ్ళే ముందు అవన్నీ తీయాలి కదా. అమ్మే తీసింది, ఒక్కొక్కటిగా, పగలకుండా సాబుతుగా. సాయంత్రం మళ్ళీ తొడిగింది. నా పెళ్ళి ఎప్పుడైంది, ఎవరితో అయిందన్నది ఇక్కడ అక్కర్లేదు. అదే వాడలో ఉండిపోయాను కాబట్టి, అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి పొద్దున ఆమే తీసేది, ప్రతి సాయంత్రం ఆమే తొడిగేది. లోపల దీపం వెలుగులో తొడగవచ్చు కదా అని ఎవరో అంటే, ఇక్కడైతే అందరికీ కనబడుతుంది అనేది. ఆ అరుగు మీదనే కూర్చునేది.